నెక్లెస్ రోడ్డు పాత కార్లు, వాటి రంగులు, నాన్నగారి ఫియట్

ఫియట్_సూరి | హైదరాబాద్ | ఆదివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. పొద్దున నెక్లెస్ రోడ్డు వైపు పాత కార్లు పెట్టారని తెలిసి మా చిన్నాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. పెద్ద ఆర్భాటమేమీ లేదు. చెట్ల కింద వరసగా ఓ ముప్పై బళ్లు, వాటి పక్కన మడత కుర్చీల్లో యజమానులు, ఆ చివర చాయ్ బండి. అంతే.

అంబాసిడర్లు నాలుగైదు, ఒక స్టాండర్డ్ హెరాల్డ్, రెండు కాంటెస్సాలు, ఒక మోరిస్ మైనర్, మూడు ఫియట్లు. నేను మూడో ఫియట్ దగ్గర ఆగిపోయాను. లేత నీలం. ఆకాశనీలం అని రాయబోయాను గానీ అది కాదు, అందులో కొంచెం ఆకుపచ్చ జాడ ఉంది. పాలల్లో కలిపి పూసినట్టు మెత్తగా ఉంది రంగు. ఇప్పటి కార్లలా మొహం చూసుకునేంత మెరుపు లేదు. బానెట్ మీద కొమ్మ నీడ పడితే ఆ నీడ కూడా నీలంగానే కనిపించింది. యజమాని పెద్దాయన ఒక మెత్తటి గుడ్డ పట్టుకుని తలుపు మీది క్రోమ్ పట్టీని ఈ చివర నుంచి ఆ చివర దాకా తుడుస్తున్నారు. మా వాడు తాకబోతే నేను చెయ్యి పట్టుకున్నాను. "ఫర్లేదు, తాకనివ్వండి, చేతికి తెలియాలి కదా" అన్నారాయన.

అక్కణ్ణుంచి మా కారు పెట్టిన చోటికి వచ్చాం. తెలుపు, తెలుపు, బూడిద, తెలుపు, నలుపు, మళ్లీ తెలుపు. మా వాడు నిలబడి "నాన్నా, ఇప్పుడు కార్లకి రంగులెందుకు వెయ్యట్లేదు?" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. మీరెవరైనా చెబుతారా?

ఇంకో సంగతి. తెనాలిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో నాన్నగారి ఫియట్ 1100 ఉంది, 1969 మోడల్. ఆయన పోయి ఆరేళ్లయింది, టార్పాలిన్ తియ్యలేదు. తెల్ల కారు. దాన్ని బాగుచేయించాలని పొద్దుటి నుంచి మనసు పీకుతోంది. ఏ రంగు వేయించమంటారు?

గోదారి_గట్టు | రాజమండ్రి | ఆదివారం, రాత్రి 8:58

సూరి గారూ, ఫొటోలు పెట్టండి ముందు! హెరాల్డ్ ఏ రంగు? బానెట్ ముందుకు తెరిచి పెట్టారా?

ఫియట్_సూరి | హైదరాబాద్ | ఆదివారం, రాత్రి 9:05

ముదురు ఎరుపు అండీ. బానెట్, రెండు మడ్‌గార్డులు అన్నీ కలిపి ఒకే ముక్కగా ముందుకు వాలింది. ఇంజను చుట్టూ పిల్లలు గుమిగూడారు. ఫొటోలు మరీ ఎండలో తీశాను, రంగులన్నీ తేలిపోయాయి. ఏడింటికల్లా వెళ్లుంటే బావుండేది.

కొవ్వూరు_మాష్టారు | కొవ్వూరు | ఆదివారం, రాత్రి 10:20

ఎర్ర హెరాల్డ్ అనగానే రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా చిన్నతనంలో గోదావరి మీద రోడ్డు వంతెన లేదు. రైలు వంతెన ఉంది గానీ కార్లు అవతలికి పోవాలంటే పంటు, అంటే బల్లకట్టు లాంటి పెద్ద పడవ, ఎక్కించాల్సిందే. రోడ్డు కం రైలు వంతెన 1974లో వచ్చింది. అంతకు ముందు మా ఊళ్లో ఒక డాక్టరు గారికి ఎర్ర హెరాల్డ్ ఉండేది. మద్రాసులో తయారయ్యేవి ఆ బళ్లు, 1961 నుంచి. ఆయన రాజమండ్రి వెళ్లే రోజున మేం రేవులో చేరేవాళ్లం. పంటు మీదికి రెండు పలకలు వేసేవారు. డాక్టరు గారు చక్రాలు ఆ పలకల మీద పడేట్టు అంగుళం అంగుళం ఎక్కించేవారు, ఇద్దరు కళాసీలు ముందు నడుస్తూ చేతులతో సైగ చేసేవారు. పంటు కదిలాక గోధుమరంగు నీళ్ల మీద ఆ ఎరుపు చిన్నదవుతూ చిన్నదవుతూ అవతలి గట్టు దాకా కనిపించేది. వరద రోజుల్లో గోదారి రంగు తెలుసుగా. ఆ రంగు మీద ఎరుపు ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మనుషులు తెల్ల పంచెలు, ఇళ్లకు సున్నం, బస్సులు దుమ్ముకొట్టుకుని ఉండేవి. రంగు అనేది పండక్కో, పెళ్లికో కనిపించే వస్తువు. రోజూ కళ్లబడే రంగు మా ఊళ్లో ఆ కారొక్కటే. దాని ఇంజను ఎన్ని సీసీలో ఈరోజుకీ నాకు తెలియదు. ఎరుపు మాత్రం కళ్లు మూసుకుంటే వస్తుంది.

సూరి బాబూ, మీ నాన్నగారి కారు మొదటి నుంచీ తెలుపేనా? అప్పట్లో కారు బుక్ చేస్తే ఏళ్లు ఆగాలి. వంతు వచ్చాక ఏ రంగు వస్తే అది తీసుకునేవాళ్లం. అడిగి చూడండి ఇంట్లో.

డెట్రాయిట్_శ్రీలత | మిషిగన్ | సోమవారం, ఉదయం 7:32

మాష్టారు గారి పంటు మళ్లీ మళ్లీ చదివాను. నమస్కారమండీ.

సూరి గారి అబ్బాయి ప్రశ్నకు నేను కొంత చెప్పగలను. పదిహేనేళ్లుగా కార్ల పెయింట్ షాపుల్లోనే నా ఉద్యోగం.

మొదట్లో కార్లకు రంగులు లేక కాదు, ఆరక. గుర్రబ్బగ్గీలకు వేసినట్టే కుంచెతో వార్నిషు పూతలు వేసేవారు. ఒక్కో పూత ఆరాలి, రుద్దాలి, మళ్లీ వెయ్యాలి. వారాలు పట్టేది. ఫోర్డ్ మోడల్ టీ మొదట్లో ఎరుపు, ఆకుపచ్చ, బూడిద రంగుల్లో కూడా వచ్చింది. వరస మీద వేలకు వేలు తయారవడం మొదలయ్యాక 1914 నుంచి 1925 దాకా నలుపొక్కటే. 1923లో జనరల్ మోటార్స్ వాళ్లు ఓక్‌లాండ్ అనే కారుకు డ్యూపాంట్ కంపెనీ కొత్త రంగు వేశారు, నీలం. నైట్రోసెల్యులోజ్ లాకరు అది, స్ప్రే గన్నుతో కొట్టొచ్చు, గంటల్లో ఆరిపోతుంది. దాని పేరు డ్యూకో. 1927లో హార్లీ ఎర్ల్ అనే ఆయన్ను పెట్టి ఆకృతికీ రంగుకీ ప్రత్యేకంగా ఒక విభాగమే తెరిచారు. కారు కొనేవాడు రంగు చూసి మనసు పారేసుకుంటాడని అప్పటికి తెలిసిపోయింది.

ఇక 1950లు. ఇక్కడ ప్రతి ఆగస్టులో మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ పొడుగునా పాత కార్లన్నీ రోడ్డెక్కుతాయి, 1995 నుంచి జరుగుతోంది. నేను పిల్లల్ని తీసుకుని కుర్చీలు వేసుకుని రోడ్డు వారన కూర్చుంటాను. కిందటేడు మా ముందు ఎర్ర లైటు పడి ఒక 1957 షెవర్లే బెల్ ఎయిర్ ఆగింది. కింద సముద్రం రంగు, పైకప్పు మీగడ తెలుపు. వెనకాల రెక్కలు. లైటు మారేలోగా మా అమ్మాయి పరుగెత్తుకెళ్లి "ఈ పైన ఉన్న రంగు పేరేంటి?" అని అడిగింది. డ్రైవరు సీట్లో పెద్దాయన నవ్వి "ఇండియా ఐవరీ" అన్నారు. నిజంగానే 1955 నుంచి 1957 దాకా షెవర్లే రంగుల పట్టీలో ఆ పేరుంది. కింది నీలం పేరు ట్రాపికల్ టర్కాయిస్. మన దేశం పేరున్న రంగు ఆ కారు నెత్తిన ఉందని మా అమ్మాయి ఇంటికొచ్చే దాకా చెబుతూనే ఉంది.

మరి ఇప్పుడెందుకు లేవు? ఫ్యాక్టరీలో రంగు మార్చినప్పుడల్లా గన్నులూ గొట్టాలూ కడగాలి, థిన్నరు పోవాలి, కొంత రంగు పారబోయాలి. వరసగా యాభై తెల్ల కార్లు వెళ్లిపోతే అవేవీ ఉండవు. డీలరు తొందరగా అమ్ముడుపోయేదే తెప్పిస్తాడు. కొనేవాడు మళ్లీ అమ్మేటప్పుడు ఎవరూ వంక పెట్టకూడదని తెలుపు తీసుకుంటాడు. ఎండ దేశాల్లో తెలుపు కాస్త చల్లన కూడా. అందరూ తమకు అవసరమైనదే చేశారు, పార్కింగు స్థలమంతా కలిసి తెల్లబోయింది.

మీరు మెత్తగా ఉందన్నారే, దానికీ కారణముంది. 1980ల నుంచి రంగు మీద క్లియర్ కోటు అని పారదర్శకంగా ఒక పొర వేస్తున్నారు. మనం ఆ పొరలోంచి రంగును చూస్తాం. పాత కారులో ఆ అడ్డు లేదు, వెలుతురు నేరుగా రంగు మీదే పడి తిరిగొస్తుంది.

ఆటోనగర్_రఫీ | విజయవాడ | సోమవారం, రాత్రి 9:47

శ్రీలత మేడమ్, సలాం. మా షెడ్డులో పొద్దున లేస్తే డ్యూకో, డ్యూకో అంటాం. మా నాన్న అదే అనేవారు, మా ఉస్తాద్ అదే అనేవారు. బీరువాకి కొట్టినా డ్యూకో, కుర్చీకి కొట్టినా డ్యూకో. ఆ పేరు వందేళ్ల కిందట ఆ నీలం కారుతో వచ్చిందని ఇవాళే తెలిసింది. పొద్దున షెడ్డులో కుర్రాళ్లకి కూడా చెబుతాను.

సూరన్నా, ఏ రంగు వెయ్యాలో మమ్మల్ని అడగొద్దు. కారునే అడుగు. ఎలాగో చెబుతా.

కారుకి బయట ఎన్నిసార్లు రంగు కొట్టినా లోపల కొన్ని చోట్ల గన్ను పోదు. డ్యాష్‌బోర్డు కింద వేలు పెట్టి చూడు. తలుపు లోపలి అట్ట ఊడదీసి దాని వెనక చూడు. వెనక సీటు ఎత్తి కింద చూడు. డిక్కీ మూత చుట్టూ ఉండే రబ్బరు బీడింగు లాగి దాని గాడిలో చూడు. ఫ్యాక్టరీ రంగు అక్కడ దాక్కుని ఉంటుంది, ఎండ తగలదు కాబట్టి వెలిసిపోయి కూడా ఉండదు.

ఇంకా నమ్మకం కావాలంటే డిక్కీ లోపలి అంచున రూపాయి బిళ్లంత మేర రుద్దు. 400 నంబరు వాటర్ పేపరు, తర్వాత 800, తర్వాత 1200. నీళ్లు పోస్తూ రుద్దాలి, గుండ్రంగా. నెమ్మదిగా. ఒక్కో పొర ఒక్కో వలయంలా బయటపడుతుంది, ఉల్లిపాయ అడ్డంగా కోస్తే కనపడినట్టు. రేకు కనపడగానే ఆపెయ్.

జాగ్రత్త ఒకటి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. పొడిగా రుద్దకు, మూతికి మాస్కు కట్టు, పిల్లాణ్ణి దగ్గర ఉంచుకోకు.

పాలమూరు_పిల్లగాడు | మహబూబ్‌నగర్ | సోమవారం, రాత్రి 10:31

సూరన్నా, నేను గూడ నిన్న ఆడికి వచ్చిన. నువ్వు ఫియట్ కాడ నిలబడితే నేను ఆ నారింజ రంగు అంబాసిడర్ కాడ నిలబడ్డ. చూసినవా దాన్ని? పైన తెల్లగ, కింద నారింజ. అది కంపెనీ రంగు కాదని అందరికీ ఎరుకే. అయినా పోరగాళ్లందరూ దాని సుట్టే ఉన్నరు. ముసలోళ్లు గూడ ఉన్నరు.

మాకు అంబాసిడర్ అంటే తెల్లదే. మా నాయిన ఒక ఆఫీసుల డ్రైవరు. తెల్ల అంబాసిడర్, మీద ఎర్ర బుగ్గ. బుగ్గ కారు వస్తుందంటే రోడ్డు మీద జనం జరిగేటోళ్లు. 2017 మే ఒకటో తారీఖు సంది ఆ బుగ్గలు తీసేసిండ్రు. అంతకు మూడేండ్ల ముందే, 2014ల, బెంగాల్ కాడి ఉత్తర్‌పారాల అంబాసిడర్ తయారీ బంద్ అయింది. మా నాయిన ఇరవై రెండేండ్లు ఆ తెలుపు కడిగిండు. ఒక్కనాడు గూడ అది ఆయనది గాదు.

అందుకే నారింజ అంబాసిడర్ని చూస్తే నాకు మంచిగ అనిపించింది. ఆ బండి ఇప్పుడు ఎవరికీ భయం పెట్టది. దాని కాడికి పోయి ఫొటో దిగొచ్చు. ఒరిజినల్ రంగే ఉండాలె అని పట్టుబట్టేటోళ్లకు నా మాట ఇదే: బండి ఎవరిదో వానికి నచ్చిన రంగు వేసుకోనియ్యుండ్రి.

రంగు మీద మోజు ఇయ్యాలటిది గాదు. చౌమహల్లా పోయి చూడుండ్రి. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా చెప్పి చేయించుకున్న రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆడ ఉంది. పసుపు. అసఫ్ జాహీ జెండా గూడ పసుపే. 1911ల ఆయన పోయిండు, కారు ఆయన పోయినంక వచ్చింది. ఆ పసుపు మీద ఆయన ఒక్కనాడు గూడ ఎక్కలే. అద్దాల అవతల దాన్ని చూస్తే నాకు మస్తు బాధ అయితది.

విశాఖ_వేణు | విశాఖపట్నం | మంగళవారం, ఉదయం 6:55

తమ్ముడూ, నీ తండ్రి గురించి రాసింది మనసుకు తగిలింది. అయినా నేను నీతో ఒప్పుకోను.

అంబాసిడర్లు లక్షల్లో తయారయ్యాయి, ఒకదానికి నారింజ వేస్తే నష్టం లేదు. కానీ ఫ్యాక్టరీ రంగుతో మిగిలిన బళ్లు ఏటా తగ్గిపోతున్నాయి. ప్రదర్శనకు రావడం కోసమే కళ్లు చెదిరే రంగు కొట్టిస్తున్నారు. గులాబీ, చిలకపచ్చ, మెటాలిక్ ఊదా. ఆ కాలంలో ఆ రంగులు లేవు. పదేళ్ల పిల్లవాడు చూసి మా తాతల నాడు కార్లు ఇలా ఉండేవి కాబోలు అనుకుంటాడు. గచ్చకాయ రంగు, మీగడ రంగు, బూడిద నీలం, ఇవీ మన రోడ్ల మీద తిరిగినవి. మెరవకపోయినా అవి నిజం.

సూరి గారూ, కాగితాల సంగతి కూడా చెబుతాను. 2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ బళ్లకు వేరే ఏర్పాటు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి ఉండాలి, అసలు రూపం మారకుండా ఉండాలి, అంటే ఛాసిస్ (బండి అడుగు చట్రం), బాడీ, ఇంజను పెద్దగా మార్చకూడదు. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, మళ్లీ చేయించుకోవడానికి 5,000. అలా చేయించుకున్న బండిని రోజూ ఆఫీసుకు తిప్పకూడదు, బాడుగకు ఇవ్వకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, మరమ్మతులు, వీటికి తీసుకెళ్లొచ్చు. మీది 1969 కాబట్టి వయసు సరిపోతుంది.

పాత ఆర్సీ పుస్తకం దొరికితే రంగు అని ఉన్న గడి చూడండి. రంగు మారిస్తే అందులో రాయించుకోవాలి. మీరు మళ్లీ మార్చినా అంతే.

గద్వాల_అంచు | గద్వాల | మంగళవారం, మధ్యాహ్నం 2:16

ఇక్కడ ఆడవాళ్లం తక్కువ ఉన్నట్టున్నాం, శ్రీలత గారు ఉన్నారు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. మాది మగ్గం ఇల్లు. నాకు కార్ల గురించి ఏమీ తెలియదు, రంగుల గురించి తెలుసు.

శ్రీలత గారు చెప్పిన ఆ కింద సముద్రం రంగు, పైన మీగడ కారు ఫొటో వెతికి చూశాను. చూడగానే ఇది చీరే కదా అనిపించింది. ఒంటికి ఒక రంగు, అంచుకి ఒకటి. మా గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ వేరు వేరు. ఆ రెండూ కలిసే చోటే మా పని కష్టమంతా. కుప్పడం అంటాం. ఒంటి పోగును అంచు పోగులో మెలేసి లాగాలి, ప్రతి వరసకీ. సరిగ్గా పడకపోతే ఆ గీత వంకర్లు తిరుగుతుంది, చీరంతా ఎంత బాగున్నా కన్ను అక్కడికే పోతుంది.

ఆ కారులో రెండు రంగులు కలిసే చోట మెరిసే పట్టీ ఒకటి ఉంది. రఫీ గారూ, అది అందానికేనా, లేక ఆ కలయిక దాచడానికా?

ఇంకొకటి. నారింజ మంచిదా, బూడిద నీలం మంచిదా అని వాదించుకుంటున్నారు. రంగు ఒంటరిగా మంచిదీ కాదు చెడ్డదీ కాదు. వంకాయ రంగు ఒంటికి ఆవపువ్వు అంచు వేస్తే ఒకలా ఉంటుంది, అదే వంకాయ రంగుకి మీగడ అంచు వేస్తే ఇంకో చీర. పార్కింగులో నూరు తెల్ల కార్ల మధ్య మీ లేత నీలం ఎందుకు ఆపేసిందో ఆలోచించండి సూరి గారూ. పక్కన ఏముందో కూడా చూడాలి.

ఆటోనగర్_రఫీ | విజయవాడ | మంగళవారం, రాత్రి 9:20

అమ్మా, సరిగ్గా పట్టుకున్నారు. రెండూ. టూటోన్, అంటే రెండు రంగులు, కొట్టేటప్పుడు ముందు లేత రంగు కొట్టి ఆరనిస్తాం. గీత వెంబడి టేపు అంటించి, మిగతాది కాగితం కప్పి, ముదురు రంగు కొడతాం. టేపు తీశాక అక్కడ సన్నగా గట్టు కట్టినట్టు లేస్తుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. ఆ గట్టు మీద క్రోమ్ పట్టీ కూర్చుంటే కంటికీ కనపడదు, వేలికీ తగలదు. మీ కుప్పడంలో దాచడానికి ఏమీ లేదు, మీదే పెద్ద పని.

వేణు సార్, పాలమూరు తమ్ముడూ, మీరిద్దరూ చెప్పింది నిజమే. నా షెడ్డుకి ఇద్దరూ వస్తారు. నాకు బాధ కలిగించేది మూడో రకం. లోపల తుప్పు అలాగే ఉంచి, మీద రెండు మిల్లీమీటర్ల మందం లప్పం పెట్టించి, దాని మీద అద్దంలా మెరిసే రంగు కొట్టించుకుపోతారు. రెండు వానాకాలాలకి బుడగలొస్తాయి. రంగు తప్పు కాదది. టింకరింగు సరిగ్గా చేసి, రేకు కోసి, కొత్త రేకు అతికి, తుప్పు ఆపే ఇటుకరంగు ప్రైమరు రెడ్ ఆక్సైడ్ కొట్టి, అప్పుడు లప్పం పల్చగా. ఏ రంగైనా సరే, అడుగు బాగుంటే నిలబడుతుంది.

ఎరుపు అందరికంటే ముందు వెలుస్తుంది, మాష్టారు గారి డాక్టరు గారు ఆ హెరాల్డ్‌ని నీడనే పెట్టుకుని ఉంటారు.

కొవ్వూరు_మాష్టారు | కొవ్వూరు | మంగళవారం, రాత్రి 9:41

అవును రఫీ బాబూ. ఆస్పత్రి వెనక తాటాకు పాక, దానికోసమే వేయించారు.

ఫియట్_సూరి | హైదరాబాద్ | శనివారం, రాత్రి 11:08

తెనాలి వచ్చాను. ఇక్కణ్ణుంచే రాస్తున్నాను. అమ్మ పడుకుంది. నాకు నిద్ర రావడం లేదు.

టార్పాలిన్ తీశాం. ఎలుకలు సీట్లు కొరికేశాయి. నాలుగు చక్రాల్లోనూ గాలి లేదు. కుడివైపు తలుపు కింద తుప్పు బొటనవేలు దూరేంత. తెలుపు మీద పసుపు చాయ తిరిగింది.

రఫీ భాయ్ చెప్పినట్టే ముందు డ్యాష్‌బోర్డు కింద టార్చి వేసి చూశాను. దుమ్ము తుడిచాక నీలం. నమ్మలేక బయటికొచ్చి నీళ్లు తాగి మళ్లీ వెళ్లి చూశాను. నీలమే. ఆదివారం చూసిన రంగే, అదే ఆకుపచ్చ జాడ.

డిక్కీ అంచున రూపాయి బిళ్లంత రుద్దాను. దాదాపు గంట పట్టింది. బయటి వలయం తెలుపు. దాని లోపల బూడిదరంగు ప్రైమరు, దారమంత. తర్వాత మీగడ రంగు. మీగడ సంగతి నేను మరిచేపోయాను. దాని లోపల నీలం, అన్నిటికంటే మందంగా. ఆ తర్వాత ఇటుక రంగు, మధ్యలో మిరియపు గింజంత రేకు మెరుపు. తడిగుడ్డతో తుడిస్తే నీలం ఒక్కసారి పైకి లేచినట్టయింది.

అమ్మను పిలిచి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని వంగి చూసి వెంటనే "పాలపిట్ట" అంది. నాకు అర్థం కాలేదు. కారు కొత్తగా వచ్చిన ఏడు దసరాకి పాలపిట్టను చూడటానికి తాతయ్య పొలం వైపు బయల్దేరుతూ, వాకిట్లో కారు చూసి "ఇంట్లోనే ఉందిగా" అని ఆగిపోయాడట. పాలపిట్ట రెక్క విప్పితే లోపల కనపడే నీలం, అదీ ఈ రంగు. నాకెవరూ ఎప్పుడూ చెప్పలేదు. నేను పుట్టేసరికే మీగడ అయిపోయింది.

మీగడ ఎందుకంటే 1977 నవంబరు. దివిసీమ ఉప్పెన అప్పటి గాలికి మా వీధి చెట్టు కొమ్మ విరిగి కారు మీద పడింది. పైకప్పు నొక్కుకుపోయింది. ఆ రోజుల్లో రేకు సరిచేయించడమే గొప్ప, షెడ్డులో ఏ రంగుంటే అది కొట్టారు. మనుషులు పోయిన చోట కారు రంగు గురించి ఎవరడుగుతారని నాన్నగారు మాట్లాడకుండా తెచ్చుకున్నారట. తెలుపు 1994లో, అక్క పెళ్లికి. అప్పుడు పాత నీలం వేయించాలని నాన్నగారు షెడ్డుకి తీసుకెళితే, ఆ రంగు ఇప్పుడు కలవదు, తెల్లదైతే రేపే ఇస్తామన్నారట. పెళ్లి నాలుగు రోజులుంది. సరే అన్నారు.

ఆర్సీ పుస్తకం బీరువాలో దొరికింది. రంగు గడిలో నీలం సిరాతో లైట్ బ్లూ అని ఉంది. దాని మీద గీత కొట్టి, క్రీమ్. దాన్నీ కొట్టి, వైట్. ప్రతి మార్పు పక్కనా ఆఫీసు ముద్ర, పొట్టి సంతకం.

నీలమే వేయిస్తాను.

డెట్రాయిట్_శ్రీలత | మిషిగన్ | ఆదివారం, తెల్లవారుజామున 1:25

సూరి గారూ, డ్యాష్‌బోర్డు కింద రంగు తాజాగా ఉన్న చోట ఒక చిన్న ముక్కను గుడ్డతో శుభ్రంగా తుడిచి, రంగులు కలిపేవాళ్ల దగ్గర రంగును కొలిచే మిషను, స్పెక్ట్రోఫోటోమీటరు, ఉంటే దానితో చదివించండి. 1994లో మీ నాన్నగారికి అందని వసతి అది. కానీ మిషను చెప్పినదాన్ని గుడ్డిగా నమ్మొద్దు. కలిపిన రంగును ఒక రేకు ముక్క మీద కొట్టించి, ఆరాక, పొద్దునా మధ్యాహ్నం రెండు వెలుగుల్లో పాతదాని పక్కన పెట్టి చూడండి. ట్యూబులైటు కింద మాత్రం చూడొద్దు.

పాలమూరు_పిల్లగాడు | మహబూబ్‌నగర్ | ఆదివారం, ఉదయం 8:12

అన్నా, బండి ఎవరిదో వాళ్లకు నచ్చినట్టు అన్న కదా. అది మీ నాయిన బండి, ఆయన నీలం అడిగిండు. ఇంకేం మాట్లాడేది లేదు. మా కాడ దసరాకు పాలపిట్టను చూస్తే ఏడాదంత మంచిదంటరు. బండి తయారైనంక ఒకసారి చూపియ్యి, మా నాయిన్ని తోల్కొని వస్త.

గద్వాల_అంచు | గద్వాల | ఆదివారం, ఉదయం 10:03

సూరి గారూ, డిక్కీ అంచున మీరు రుద్దిన ఆ రూపాయి బిళ్లంత చోటు మీద మాత్రం రంగు వేయించకండి. అన్ని వలయాలతో అలాగే ఉంచండి. మీ అబ్బాయి చూస్తాడు.

ఆటోనగర్_రఫీ | విజయవాడ | ఆదివారం, మధ్యాహ్నం 12:40

దాని మీద వార్నిషు సన్నగా ఒక చుక్క పెడతా అమ్మా, తుప్పు పట్టకుండా.

సూరన్నా, ఇప్పుడు తేవద్దు. వానల్లో గాలిలో తేమ ఉంటే డ్యూకో ఆరేటప్పుడు పొగ పట్టినట్టు తెల్లబారుతుంది. దసరా వెళ్లాక తీసుకురా. నిన్ను అడగాల్సింది ఒకటుంది. పాత పద్ధతిలో లాకరే కావాలా, హార్డెనరు కలిపే టూకే కావాలా? టూకే గట్టిది, ఎండకు ఆగుతుంది, కానీ మెరుపు ఎక్కువ, నువ్వు చెప్పిన మెత్తదనం రాదు. దాని ఆవిరి ఊపిరితిత్తులకి మంచిది కాదు కాబట్టి గాలి సరఫరా ఉన్న మాస్కు పెట్టుకునే కొడతాం. లాకరైతే ఆరు పూతలు, ప్రతి రెండు పూతలకీ రుద్దుడు, చివర రబ్బింగు కాంపౌండు. రెండు మూడేళ్లకోసారి మళ్లీ పాలిషు పెట్టుకోవాలి, ఎండలో ఉంచకూడదు. ఆలోచించుకో.

రంగు కంటే ముందు బ్రేకులు. ఆరేళ్లు కదలని బండిలో వీల్ సిలిండరు రబ్బర్లు బిగుసుకుపోయి ఉంటాయి. పెట్రోలు ట్యాంకు విప్పి తుప్పు కడగాలి. స్టార్ట్ చెయ్యాలని చూడకు.

ఫియట్_సూరి | హైదరాబాద్ | ఆదివారం, రాత్రి 9:30

లాకరే, రఫీ భాయ్. పాలిషు నేను పెట్టుకుంటాను.

స్టార్ట్ చెయ్యను. దసరా వెళ్లిన వారం లారీ మీద ఎక్కించి దుగ్గిరాల, మంగళగిరి మీదుగా తెస్తాను. అమ్మ కూడా వస్తానంటోంది, రేకు ముక్క మీద కొట్టిన రంగు తను చూసి సరేనన్నాకే కారుకి కొట్టాలట. ఆవిడకు పొద్దుటి వెలుతురులో చూపించాలి, కాబట్టి ముందురోజు రాత్రికే విజయవాడ చేరతాం. ఎన్నింటికి షెడ్డు తెరుస్తారు?

ఆటోనగర్_రఫీ | విజయవాడ | ఆదివారం, రాత్రి 9:34

ఎనిమిదికి. అమ్మగారు వస్తున్నారంటే ఏడింటికే తెరుస్తా.